మాట రాని బిడ్డకు తల్లి దోషి కాదు

(బరంపురంలో మిల్లు కార్మికుల కుటుంబాల సమావేశంలో యూనియన్ ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కూలి రేట్ల గురించి, బోనసు గురించి, ఇ.ఎస్.ఐ. కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు పిల్లల గురించి మాట్లాడమని కోరింది మన మహిళా కార్మికులే. చందా రసీదులు పట్టుకుని ఇళ్లకు తిరిగేటప్పుడు మూడు నాలుగు చోట్ల మాకు ఒకే మాట వినిపించింది. "మా గుంటడికి మూడేళ్లు నిండిపోనాయి బావూ, ఇంకా మాట రాలేదు. పిలిస్తే పలకడు" అని.

ఒక ఇంటి సంగతి చెబుతాం. పేరు చెప్పం. ఆ చెల్లెలు రైసు మిల్లులో ధాన్యం ఆరబోసే పని చేస్తుంది. భర్త మన గంజాం జిల్లా నుంచి వేలమంది వెళ్లినట్టే సూరత్ వెళ్లి పవర్‌లూమ్‌లో పని చేస్తున్నాడు, ఏడాదికి ఒకసారి వస్తాడు. మేము వెళ్లేసరికి పిల్లవాడు గచ్చు మీద కూర్చుని ఒక పాత కండెను తిప్పుతున్నాడు. అది ఆగితే మళ్లీ తిప్పుతున్నాడు. మేము నలుగురం లోపలికి వచ్చినా తల ఎత్తలేదు. పేరు పెట్టి పిలిచాం, చప్పట్లు కొట్టాం, చూడలేదు. వీధిలో ఐసుబండి గంట వినపడగానే మాత్రం చెవులు రెండూ మూసుకుని ఏడుపు లంకించుకున్నాడు. అంటే చెవుడు కాదన్నమాట.

అత్తగారు చెప్పిన కారణం, తండ్రి దగ్గర లేకపోవడం. పక్కింటివాళ్లు చెప్పిన కారణం, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడితే పిల్లవాడు తికమకపడి నోరు మూసుకున్నాడని. ఆడపడుచు చెప్పిన కారణం, తల్లి మిల్లుకు పోయి బిడ్డను పట్టించుకోకపోవడం. తారాతరిణి కొండ మీద చైత్ర మంగళవారం పుట్టువెంట్రుకలు తీయిస్తే మాట వస్తుందని మొక్కుకున్నారు. ఆ డప్పులకీ, ఆ జనానికీ పిల్లవాడు స్పృహ తప్పేంతగా ఏడిస్తే, అమ్మవారికి కోపం వచ్చిందన్నారు. ఒక వైద్యుడి దగ్గరకు కూడా వెళ్లారు. "మగపిల్లలకు మాట ఆలస్యం, అయిదేళ్లు ఆగండి" అని టానిక్కు రాసి పంపించాడాయన. అలా రెండేళ్లు పోయాయి. చివరికి పెద్దాసుపత్రిలో చూపించి ఇది ఆటిజం అని తేల్చినప్పుడు, ఆ తల్లి మందుందా అని అడగలేదు. "ఇందులో నా తప్పేటండి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆ నింద ఒక్క అత్తగారి నోట పుట్టింది కాదు. పెద్ద పెద్ద చదువులు చదివిన డాక్టర్లే ఒకప్పుడు ఈ మాట అన్నారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసి, ఆటిజాన్ని ఒక ప్రత్యేక పరిస్థితిగా లోకానికి తెలియజేశాడు. ఇది పుట్టుకతో వచ్చేదని ఆయన మొదట్లోనే రాశాడు. ఆ తర్వాత మాత్రం తల్లిదండ్రుల ప్రేమ చాలకపోవడం మీదికి వేలు మళ్లింది. బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన 1967లో ఒక పుస్తకమే రాసి, మంచులాంటి తల్లుల వల్లే పిల్లలు ఇలా ముడుచుకుపోతారని ప్రచారం చేశాడు. ఎందరో తల్లులు ఆ నింద మోస్తూ బతికారు. దీన్ని ఎదిరించింది కూడా ఒక తండ్రే. ఆటిజం వున్న కొడుకును పెంచుతున్న బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964 నాటికే ఇది మెదడుకు సంబంధించిన విషయమని పుస్తకం రాశాడు. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభకు వచ్చి మీరు నిర్దోషులని చెప్పాడు. అత్తగారిని మనం తప్పుపట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఆమెకు చదువు లేదు, వాళ్లకు చదువుండి కూడా పాతికేళ్లు అదే పొరపాటు చేశారు.

అయితే రుజువేమిటి? కవల పిల్లలు. ఒకే అండం రెండుగా చీలి పుట్టిన కవలలకు జన్యువులు ఒకటే. రెండు అండాల నుంచి పుట్టిన కవలలు మామూలు అన్నదమ్ముల్లాంటివాళ్లే. 1977లో ఇంగ్లండులో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే ఇద్దరు 21 కవల జంటలను పరీక్షించారు. ఒకే అండం జంటలు 11 వుంటే, నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం వుంది. రెండు అండాల జంటలు 10 వుంటే, ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. ఏ జంటలోనైనా తల్లి ఒకతే, ఇల్లు ఒకటే. పెంపకమే కారణమైతే ఈ తేడా రాకూడదు కదా! చిన్న లెక్కే అది, కానీ దారి చూపింది. 2019లో డెన్మార్కు, స్వీడన్, ఫిన్లాండ్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాలలో 20 లక్షలకు పైగా పిల్లల లెక్కలు తీసి చూస్తే, ఆటిజం రావడంలో మనిషికీ మనిషికీ మధ్య వుండే తేడాలో సుమారు 80 శాతం జన్యువులదేనని తేలింది.

జన్యువులు అనగానే "అయితే ఎవరి వంశం నుంచి వచ్చింది?" అని వియ్యాలవారి మధ్య తగువు మొదలవుతుంది. దానికీ జవాబుంది. ఆటిజానికి ఒక్క జన్యువు కారణం కాదు. వందకు పైగా జన్యువులను గట్టిగా గుర్తించారు, ఇంకా గుర్తిస్తున్నారు. చాలామందిలో చిన్న చిన్న తేడాలు ఎన్నో రెండు వైపుల నుంచీ చేరి కలుస్తాయి. కొందరిలో తల్లికీ లేని, తండ్రికీ లేని మార్పు ఆ అండంలోనో, ఆ బీజంలోనో కొత్తగా పుడుతుంది. దానికి వంశం లేదు. ఈ జన్యువుల్లో కొన్ని గర్భంలో మెదడు తయారయ్యేటప్పుడు ఒక నరకణానికీ ఇంకొక నరకణానికీ ముడి పడే చోట పనిచేస్తాయి. మన దేవాంగుల వీధిలో పట్టుచీరలు నేసే పెద్దలకు ఇది చెప్పనక్కర లేదు. పడుగు పోసినప్పుడే పోగుల వరస మారితే, ఆ తర్వాత నాడె విసిరే చేతిని తప్పుపట్టి ఏం లాభం? ఈ పిల్లల మెదడులో పడుగు వేరుగా పడింది. బుద్ధి లేదని కాదు, చెడిపోయిందనీ కాదు. కొందరికి బుద్ధిమాంద్యం కూడా వుంటుంది, కొందరికి వుండదు. కొందరు జన్మంతా మాట్లాడలేరు, కొందరు కాలేజీ చదువులు చదువుతారు. అందుకే డాక్టర్లు దీన్ని ఒక పెద్ద శ్రేణి అంటున్నారు.

జన్యువులు కాక మిగిలినవి కూడా చాలావరకు పుట్టుకకు ముందువే. నెలలు నిండకుండా పుట్టడం, తల్లిదండ్రుల వయసు పైబడి వుండడం, గర్భిణికి రుబెల్లా జ్వరం రావడం, గర్భిణి మూర్ఛకు వాల్‌ప్రోయేట్ అనే మందు వాడడం. ఈ చివరిది గమనించండి. మన ఇళ్లలో మూర్ఛకు మందు మింగే ఆడపిల్లలున్నారు. పెళ్లి కుదరగానే డాక్టరుగారికి చెప్పి, వేరే మందు వుందేమో అడగాలి. సొంతంగా మాత్రం మందు ఆపకూడదు, ఫిట్సు వస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం.

మేనరికం గురించి కూడా దాచకుండా చెప్పాలి. మేనమామకూ, మేనబావకూ ఇవ్వడం మన తెలుగువాళ్లలో ఇక్కడ ఇంకా వుంది. దగ్గర రక్తసంబంధంలో కొన్ని జన్యు జబ్బులు ఎక్కువని అందరూ ఒప్పుకున్న సంగతే. మన దేశంలోనే ఆటిజం వున్న 500 మంది పిల్లలను, లేని 500 మందిని పోల్చిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. రక్తసంబంధం వున్న దంపతుల పిల్లల్లో ఆటిజం అవకాశం సుమారు మూడు రెట్లు కనిపించిందని అందులో రాశారు. ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు. మేనరికం చేసుకున్నవారిలో చాలామందికి ఆరోగ్యమైన పిల్లలే పుడుతున్నారు. అయిపోయిన పెళ్లి గురించి ఇప్పుడు ఎవరినీ అనడానికి కాదు, కాబోయే పెళ్లి గురించి ఆలోచించడానికి చెబుతున్నాం.

ఇక వీధిలో తిరిగే మాటలు.

రెండు భాషలు. 1936 ఏప్రిల్ 1 వరకు ఈ గంజాం మద్రాసు రాష్ట్రంలోనే వుంది. అప్పుడూ ఇప్పుడూ బరంపురం బజారులో తెలుగూ, ఒడియా రెండూ నడుస్తున్నాయి. రెండు భాషల వల్ల మాట పోయేటట్టయితే ఈ ఊళ్లో సగంమంది మూగవాళ్లు కావాలి. రెండు భాషలు ఆటిజాన్ని పుట్టించవు, వున్నదాన్ని పెంచవు కూడా. బడిలో "ఇంట్లో తెలుగు మానేయండి" అని చెబితే వినకండి. ఒడియా అంతంతమాత్రంగా వచ్చిన తల్లి తెలుగు మానేస్తే, ఆ బిడ్డతో మాట్లాడే ఒక్క మనిషి కూడా మౌనమైపోతుంది.

సూరత్. తండ్రి దూరంగా వుంటే బిడ్డకు దిగులు వుండవచ్చు, ఆటిజం రాదు. కాని దూరం వల్ల జరిగే నష్టం వేరే వుంది. ఏడాదికి ఒకసారి వచ్చే తండ్రి, పోయినసారి అన్న రెండు మాటలు ఈసారి లేవని గుర్తించలేడు. ఫోనులో ఏం చెప్పినా "నువ్వు కంగారు పడకు" అంటాడు.

ఫోను. అదే ఆటిజాన్ని పుట్టిస్తుందని రుజువు కాలేదు. అయితే పిల్లవాడు ఫోను చూస్తున్నంతసేపూ వాడితో ఎవరూ మాట్లాడరు. అందుకని తగ్గించాలి.

టీకాలు. ఇది ప్రమాదకరమైన మాట కాబట్టి కొంచెం విడమర్చి చెబుతాం. 1998లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లలను చూపించి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టాడు. తర్వాత అందులోని మోసం బయటపడింది. 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన వైద్య రిజిస్ట్రేషనే రద్దయింది. డెన్మార్కులో 6 లక్షల 57 వేలమంది పిల్లలను చూసి 2019లో ప్రకటించిన లెక్కలో, టీకా వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ తేడా లేదు. మరి అనుమానం ఎందుకు వస్తుంది? ఆ టీకా వేసే వయసూ, మాట రాలేదని తల్లి గమనించే వయసూ ఒకటే కాబట్టి. అసలు సంగతి తిరగబడి వుంది. గర్భంలో రుబెల్లా సోకడం ఆటిజానికి తెలిసిన కారణాల్లో ఒకటి. 2017 నుంచి మన దేశంలో వేస్తున్న ఎం.ఆర్. టీకా ఆ రుబెల్లానే ఆపుతుంది.

పారాసెటమాల్ మాత్ర గురించి కూడా కొందరు అడిగారు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం గర్భిణులు ఆ మాత్ర మానాలని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి నిలకడైన రుజువు లేదంది. అంతకు ముందే 2024లో స్వీడన్‌లో 24 లక్షలకు పైగా పిల్లలను చూసిన లెక్కలో, ఒకే తల్లి పిల్లలను పక్కపక్కన పెట్టి పోలిస్తే సంబంధం కనపడలేదు. గర్భిణికి జ్వరం కాస్తుంటే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవాలి, వూరికే వేసుకోకూడదు.

ఇప్పుడు గుర్తించడం ఎలాగో చూద్దాం. అన్నం తినిపిస్తూ చందమామను చూపించని తల్లి మనలో లేదు. మీరు వేలు చూపితే, ఏడాదిన్నర బిడ్డ మీ వేలి వైపు కాదు, చందమామ వైపు చూడాలి. మళ్లీ మీ మొహం చూసి నవ్వాలి. తర్వాత తనే వేలు చూపి "అదిగో" అన్నట్టు మిమ్మల్ని పిలవాలి. బిస్కట్టు కావాలని చెయ్యి చాపడం వేరు, నేను చూసింది నువ్వూ చూడు అని చూపించడం వేరు. ఆటిజంలో ముందుగా లోపించేది ఈ రెండోదే. తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే తిరగాలి. ఏడాదికి చెయ్యి వూపి టాటా చెప్పడం లాంటివి రావాలి. పదహారు నెలలకు ఒక్కో మాట, రెండేళ్లకు "అమ్మ రా" వంటి జంట మాటలు రావాలి. వచ్చిన మాట ఏ వయసులో పోయినా ఆ వారమే ఆసుపత్రికి వెళ్లాలి. "నీ పేరేటి?" అంటే తిరిగి "నీ పేరేటి?" అనడం, ఆటబండిని నడపకుండా చక్రం మాత్రం తిప్పడం, వస్తువులను వరసపెట్టడం, రోజూ వెళ్లే దారి మారితే తట్టుకోలేకపోవడం, ఠాకురాణి యాత్ర వాద్యాలకు చెవులు మూసుకోవడం వంటివి కూడా చూడాలి. వీటిలో ఒక్కటి కనపడగానే ఆటిజం అని భయపడవద్దు. రెండు మూడు కలిసి వుంటే మాత్రం చూపించండి. మగపిల్లల్లో ఇది మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఆడపిల్ల సిగ్గరి అని వదిలేస్తాం కాబట్టి ఆడపిల్లల్లో మనకు కనపడదు కూడా. ఒక బిడ్డకు వుంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు అయిదుగురిలో ఒకరికి. చిన్నవాణ్ణి మొదటి ఏడాది నుంచే గమనించాలి.

ఇది అరుదైనదని అనుకోవద్దు. మన ఒడిశాలోని ఢెంకనాల్, అటు హైదరాబాదు కలిపి దేశంలో అయిదు చోట్ల, 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 3,964 మందిని పరీక్షించి 2018లో లెక్కలు ప్రకటించారు. వినికిడి, చూపు, మూర్ఛ, మాట, బుద్ధిమాంద్యం, ఆటిజం వంటి వాటిలో ఏదో ఒకటి వున్నవారు దాదాపు ఎనిమిదిమందిలో ఒకరు. ఆటిజం ఒక్కటే చూస్తే సుమారు నూటికి ఒకరు. వెయ్యి ఇళ్ల బస్తీలో అలాంటి పిల్లలు ఎందరుంటారో లెక్కవేసుకోండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు? మొదట వినికిడి పరీక్ష. బేరా అనే పరీక్ష నిద్రపోతున్న బిడ్డకు కూడా చేయవచ్చు. ఆ తర్వాత డాక్టరుగారు పిల్లవాణ్ణి ఆడించి చూస్తారు, తల్లిని చాలాసేపు అడుగుతారు. అంతే. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. ఫిట్సు వుంటేనో, తల పరిమాణంలో తేడా వుంటేనో, వేరే అనుమానం వుంటేనో స్కానింగు, జన్యు పరీక్ష రాస్తారు. పుస్తెలు కుదువపెట్టి ఎం.ఆర్.ఐ. తీయించి "అంతా నార్మల్" అన్న కాగితం తెచ్చుకుని, బిడ్డకు ఏమీ లేదని తిరిగి వచ్చినవారిని మేము చూశాం. ఆ కాగితం ఆటిజం లేదని చెప్పదు.

బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి వుంది. పిల్లల విభాగం, చెవి ముక్కు గొంతు విభాగం, మానసిక విభాగం ఒకే ఆవరణలో దొరుకుతాయి. మానసిక విభాగం అనగానే పిచ్చాసుపత్రి అని వెనకాడకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడి పిల్లలను ఒకసారి డాక్టర్ల బృందం వచ్చి చూడాలి. అనుమానం వుంటే జిల్లా కేంద్రానికి పంపాలి. రాకపోతే మాకు చెప్పండి, అడగడం మన హక్కు. ఇ.ఎస్.ఐ. వున్నవారు డిస్పెన్సరీలో రెఫరల్ రాయించుకోండి.

సర్టిఫికెట్టు సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో వచ్చింది, 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేరింది. కొలవడానికి సికిందరాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మన దేశం కోసం 40 ప్రశ్నల పట్టీ తయారుచేసింది. అందులో 70 లేదా అంతకు పైగా మార్కులు వస్తే ఆటిజం వున్నట్టు లెక్క. 40 శాతం వైకల్యం వుందని బోర్డు రాసిస్తే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు చట్టబద్ధమైన హక్కు. నిరామయ బీమా, మధుబాబు పెన్షను వంటి వాటికి కూడా ఆ కాగితమే ఆధారం. కాగితం తీసుకుంటే పిల్లవాడికి ముద్ర పడుతుందని కొందరు వద్దంటున్నారు. కాగితం లేకపోతే వీధిలో ముద్ర పడదా?

నయం చేసే మందు లేదు. వుందని చెప్పేవాణ్ణి నమ్మవద్దు. మూలకణాల ఇంజెక్షన్ల పేరుతో లక్షలు గుంజుతున్నారు, ఆటిజానికి అది చికిత్స కాదని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది. పనికొచ్చేది శిక్షణ. అది డబ్బున్నవారికే అనుకోవద్దు. గోవాలోనూ, పాకిస్తాన్ రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేసిన ప్రయోగం 2016లో వెలువడింది. స్పెషలిస్టులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు ఇంటి దగ్గరే నేర్పారు. పిల్లవాడి ఆటలోకి ఎలా వెళ్లాలి, వాడు చూసినదాన్నే పేరు పెట్టి ఎలా పలకాలి వంటివి. తల్లీబిడ్డల మధ్య స్పందన మెరుగైంది. మూడేళ్లకు మొదలుపెట్టడం అయిదేళ్లకు మొదలుపెట్టడం కంటే మేలు. మొదట చెప్పిన చెల్లెలు పోగొట్టుకున్నది ఆ రెండేళ్లే. ఇప్పుడు ఆమె కండె తిప్పుతున్న కొడుకు ఎదురుగా కూర్చుని, ఇంకో కండె పట్టుకుని, వాడు ఆపినప్పుడు "తిప్పు" అంటోంది. పోయిన నెల వాడు ఆమె చెయ్యి పట్టుకుని కండె మీద పెట్టాడు.

ఆసుపత్రి రోజుకు కూలి కోత లేకుండా సగం పూట ఇవ్వాలని యాజమాన్యాలకు ఇచ్చే కోరికల పత్రంలో ఈసారి చేర్చాం. అది వచ్చేదాకా, వెళ్లేవారు ముందురోజు యూనియన్ ఆఫీసులో చెబితే, ఒడియాలో మాట్లాడడానికి మాలో ఒకరం తోడు వస్తాం. టీకాల కార్డు, పుట్టిన ఆసుపత్రి కాగితం తీసుకురండి. ఫోనులో పిల్లవాడు ఆడుకుంటున్న వీడియో రెండు మూడు నిమిషాలు తీసి వుంచండి, ఆసుపత్రిలో వాడు భయపడి ముడుచుకుంటే డాక్టరుగారికి అదే ఆధారం. తల్లి తప్పకుండా రావాలి. పగలంతా బిడ్డను చూసేది అత్తగారయితే ఆమె కూడా రావాలి.